ఇష్టపడి గల్ఫ్ వెళ్తే అది మనుషుల అక్రమ రవాణా ఎలా అవుతుంది?

లంకపొలం:
మా రాజోలు వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. ఆ డబ్బుతోనే డాబాలు లేచాయి, ఆడపిల్లల పెళ్లిళ్లయ్యాయి. వాళ్లంతా తెలిసే వెళ్లారు. జీతం రాకపోతే మోసం అనండి. అక్రమ రవాణా అంటే వెళ్లిన ఆడవాళ్లకే చెడ్డపేరు.

కొబ్బరితోట:
ఆ చెడ్డపేరు భయమే ఏజెంటును కాపాడుతోందండి. రవాణా అనగానే జనానికి వ్యభిచారమే గుర్తొస్తుంది. అందుకే నష్టపోయిన మనిషి తిరిగొచ్చినా నోరు విప్పదు. చట్టం అక్కడితో ఆగలేదు. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్, 2024 జూలైకి ముందైతే ఐపీసీ 370, చూడండి. బెదిరించి గానీ, మోసం చేసి గానీ, ఆశ చూపి గానీ ఒకరిని దోపిడీ కోసం చేర్చుకున్నా, పంపినా నేరమే. బాధితుల సమ్మతితో నిమిత్తం లేదని అందులోనే ఉంది.

మా వీధిలో ఒకావిడకు ఏజెంటు చెప్పింది ఒక్క ఇల్లు, వంటపని. పంపింది విజిట్ వీసా మీద. దిగగానే పాస్‌పోర్టు సేటు బీరువాలోకి వెళ్లింది. ఆ ఇంటి పని ముగిశాక ఆయన అక్క ఇంట్లో అంట్లు, తమ్ముడి ఇంట్లో బట్టలు. వెళ్లిపోతానంటే "నీకు పెట్టిన ఖర్చు కట్టి పో" అన్నారు. ఆవిడ ఒప్పుకున్నది వంటపనికి. దీనికి కాదు కదా!

విజిట్ వీసా ఎందుకంటారా? పది పాసవ్వని ఆడవాళ్లు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లడానికి ప్రభుత్వం అనుమతివ్వదు. నిండినా కాంట్రాక్టు చూపించాలి. విజిట్ వీసా అయితే ఇవేవీ ఉండవు, రేపు అడగడానికి కాగితమూ ఉండదు.

జీతం నెల ఆలస్యమైన ప్రతి కేసునూ రవాణా అనడం లేదు. అది వేరు.

చెరువుగట్టు:
మగపిల్లల్ని మరిచిపోకండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. ఇక్కడ మన రొయ్యల చెరువుల దగ్గరైనా, అడ్వాన్సు తీరలేదని కాపలా కుటుంబాన్ని కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీయే. 1976 నాటి చట్టంతోనే దానిమీద నిషేధం ఉంది.

లంకపొలం:
సరేనండి. మరి ఇప్పుడు అక్కడ ఇరుక్కున్నవాళ్ల ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

కొబ్బరితోట:
ముందు అక్కడి భారత రాయబార కార్యాలయానికి వివరాలు పంపాలి. స్టేషన్లో ఫిర్యాదు రాసేటప్పుడు "జీతం ఇవ్వలేదు" అని వదిలేయొద్దు. అలా రాస్తే చీటింగ్ కేసుతో సరిపెట్టే ప్రమాదం ఉంది. ఏం చెప్పి పంపారు, ఏ వీసా, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది, బయటకు వెళ్లనిస్తున్నారా, అన్నీ రాయండి. ఏజెంటు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయకండి.