పక్కింటివాళ్ల కార్లన్నీ ఫుట్‌పాత్ మీదే, వాకర్‌తో నడిచే అమ్మని ఎటు తీసుకెళ్లాలి?

మూడో వీధి:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక పాత కాలనీ. రెండు నెలల కిందట అమ్మకి కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వాకర్ పట్టుకుని నడవాల్సిందే, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది అని ఫిజియోథెరపిస్ట్ గట్టిగా చెప్పారు. ఇంట్లో ఎంతని తిరుగుతుంది, హాలు నుంచి వంటింటికి పది అడుగులు లేదు. మా గేటు దగ్గర్నుంచి వీధి చివర హనుమాన్ గుడి దాకా ఫుట్‌పాత్ ఉంది, టైల్స్ కూడా ఈ మధ్యే వేశారు. కానీ దాని మీద పక్కింటి అంకుల్‌వి రెండు కార్లు, వాళ్ల పై పోర్షన్‌లో అద్దెకుండే అబ్బాయిది ఇంకొకటి, మూడూ ఒకదాని వెనక ఒకటి గోడ వైపు జరిపి పెట్టేస్తారు. మొన్న టేపు పట్టుకెళ్లి కొలిచాను. గోడకీ కారు అద్దానికీ మధ్య 14 అంగుళాలు. అమ్మ వాకర్ వెడల్పు 23 అంగుళాలు.

అంటే ఆ మూడు కార్ల పొడవునా అమ్మ రోడ్డు మీదికి దిగి నడవాలి. దిగడం అంటే మనకు చిన్న సంగతే. ఆవిడ ముందు వాకర్ కిందికి దించాలి, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. మళ్లీ ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. ఈలోగా వెనక నుంచి స్కూల్ బస్సు, వాటర్ ట్యాంకర్, డెలివరీ బైకులు. పోయిన మంగళవారం ఒక ట్యాంకర్ సరిగ్గా వెనకకొచ్చి హారన్ కొడితే కంగారుపడి వాకర్ వదిలేసి కారు డిక్కీ పట్టుకుని నిలబడిపోయింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి "రేపు నడుస్తాలేరా" అంటోంది, ఆ రేపు రావట్లేదు.

నా ఇబ్బంది ఏంటంటే అంకుల్ నిజంగా మంచి మనిషి. ఆపరేషన్ అయిన పదో రోజు రాత్రి కుట్ల దగ్గర వాచి అమ్మకి జ్వరం వస్తే, అంబులెన్స్ కోసం చూడకుండా పన్నెండింటికి లేచి తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆయనే. ఇప్పుడు అదే కారు తీయమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఒకసారి మెల్లగా కదిపితే "మన ఇంటి ముందు జాగాయే కదా నాన్నా, రోడ్డు మీద పెడితే గీతలు పడతాయి" అన్నారు. వాళ్ల బిల్డింగ్ కింద పార్కింగ్‌కి వదిలిన చోటు టైలర్ షాపుకి అద్దెకిచ్చారు, లోపల పెట్టడానికి ఎక్కువ స్థలం లేదు.

గొడవ కాకుండా దీన్ని ఎలా తేల్చాలి? అసలు చట్టం ఏమంటుంది? ఫిర్యాదు చేస్తే తర్వాత మొహమొహాలు చూసుకోగలమా?


నాగోల్ నుంచి:

ముందు ఆ "మన ఇంటి ముందు జాగా" అన్న మాట దగ్గరే ఆగాలి బ్రదర్. కాంపౌండ్ గోడ బయట ఉన్నది ఆయనదీ కాదు, మీదీ కాదు, నడిచేవాళ్లందరిదీ. ఫుట్‌పాత్ మీద బండి ఆపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది, వాటి బదులు 2017లో వచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. మోటారు వాహనాల చట్టం కింద దీనికి జరిమానా కూడా ఉంది. 2025 మే 14న సుప్రీంకోర్టు అయితే ఇంకా స్పష్టంగా చెప్పింది, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమే అని, ఆక్రమణలు తీసేయాలని, దివ్యాంగులు కూడా నడిచేలా ఉండాలని.

ఇది చాలామందికి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 32,825 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లే. అంత మందికీ కారు అడ్డం వచ్చిందని నేను అనను, కానీ నడిచే మనిషిని బలవంతంగా రోడ్డు మీదికి దింపితే ఏం జరగొచ్చో మీరు మంగళవారం కళ్లారా చూశారు.

ఫిర్యాదు చేయాల్సి వస్తే నంబర్ ప్లేటు, ఫుట్‌పాత్ అంచు, గోడ మూడూ ఒకే ఫొటోలో పడేలా తీయండి. కానీ మీ బాల్కనీలోంచి తీస్తే ఎవరు తీశారో ఆయనకి వెంటనే అర్థమైపోతుంది. రాత్రి పన్నెండింటికి లేచి వచ్చిన మనిషికి ముందు చలానా పంపడం నాకైతే సరిగ్గా అనిపించట్లేదు. ముందు వెళ్లి కూర్చుని మాట్లాడండి. 14 అంగుళాలు, 23 అంగుళాలు అన్న లెక్క ఆయనకి చెప్పారా అసలు?


బోడుప్పల్ వాసి:

నేనూ ఫుట్‌పాత్ మీదే పెడతాను, దాచేదేం లేదు. అద్దె ఇల్లు, ఓనర్ ఒక బైక్‌కి మాత్రమే చోటిచ్చాడు. రోడ్డు ఇరవై అడుగులు, అటు ఒక కారు ఇటు ఒక కారు ఆగితే మధ్యలో చెత్త బండి కూడా పోదు, అప్పుడు వీధి వీధంతా నన్నే తిడుతుంది. సగం ఫుట్‌పాత్ మీదికి ఎక్కిస్తే ఎవరికీ ఇబ్బంది లేదనే ఇన్నాళ్లూ అనుకున్నా, నిజంగా. మీ పోస్ట్ చదివాక లేచి వెళ్లి చూసొచ్చా, నా కారు పక్కనుంచి నేనే పక్కకి తిరిగితే గానీ పోలేకపోయా.

కార్లు పెట్టుకునేవాళ్లంతా మొండివాళ్లు కాదు, వాళ్లకి తట్టదంతే. అమ్మగారు నడిచే టైం చెప్పి, పొద్దున ఆరు నుంచి ఏడు, సాయంత్రం ఐదు నుంచి ఆరు ఖాళీగా ఉంచమని అడిగి చూడండి. పోలీసుల దాకా వెళ్తే మాటలు ఆగిపోతాయి, ఆ తర్వాత అర్ధరాత్రి మళ్లీ అవసరం వస్తే ఎవర్ని లేపుతారు?


తెల్లకర్ర:

బోడుప్పల్ అన్నా, మీరు లేచి వెళ్లి చూసినందుకు థాంక్స్. కానీ ఆ టైం సంగతి నాకు నచ్చలేదు, ఎందుకో చెప్తాను.

నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంది, అలా రాస్తున్నాను. నేను కర్రతో నేల తడుముకుంటూ నడుస్తాను. కారు ఎత్తుగా ఉంటే కర్ర కొస దాని కిందికి దూరిపోతుంది, చేతికి ఏమీ తగలదు, దారి ఖాళీ అనుకుని ఇంకో అడుగు వేస్తాను, అప్పుడు బంపర్ మోకాలికి కొడుతుంది. సైడ్ అద్దం అయితే పక్కటెముకలకి. చాలాచోట్ల గీతలు, చుక్కలతో పసుపు టైల్స్ వేస్తారు కదా, అవి అందం కోసం కాదు, మా కాళ్లకీ కర్రకీ దారి చెప్పడానికి. మా వీధిలో ఆ పసుపు వరస తిన్నగా ఒక కారు టైరు కిందికి వెళ్తుంది.

మూడో వీధి గారి అమ్మగారికి ఆరు నుంచి ఏడు వరకు దారి ఇస్తారు సరే. తొమ్మిదింటికి బస్సు కోసం వెళ్లే నాకు ఎవరిస్తారు? పిల్లల్ని బడికి దింపే ఆవిడకి? దయతో ఇచ్చే రెండు గంటలు వద్దు, దారి దారిలా ఉంటే చాలు.


రిటైర్డ్ ఏఈ:

మునిసిపల్ ఇంజినీరింగ్‌లో ముప్పై ఏళ్లు చేశాను. రెండు మూడు సంగతులు చెప్తాను, అంకుల్‌తో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

నివాస ప్రాంతాల్లో నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఏ అడ్డూ లేకుండా వదలాలని, రోడ్లు ఎలా కట్టాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెప్తాయి. ఒక పెద్ద కారు వెడల్పూ దాదాపు అంతే. కాబట్టి "కొంచెం జరిపి పెట్టాం కదా" అనే మాటకి అర్థం లేదు, కారు ఎక్కిందంటే దారి మొత్తం పోయినట్టే.

రెండోది, ఇది ఆయనకి కూడా నష్టం. పాత కాలనీల్లో చాలాచోట్ల ఫుట్‌పాత్ కింద వాన నీటి కాలువ ఉంటుంది, పైన స్లాబు. ఆ స్లాబునీ టైల్స్‌నీ మనుషుల బరువుకి వేస్తారు, టన్నుకి పైగా బరువున్న కారు రోజూ ఎక్కి దిగితే ముందు టైల్స్ కదులుతాయి, తర్వాత స్లాబు పగులుతుంది. ఒక వర్షాకాలం రాత్రి నీళ్లు నిండి గుంట కనిపించకపోతే అందులో పడేది ఆయన ఇంటి మనిషే కావచ్చు. మీ వీధిలో కార్ల కింద టైల్స్ కుంగాయేమో ఒకసారి వంగి చూడండి.

మూడోది టైలర్ షాపు. బిల్డింగ్ ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోటుని వేరే పనికి వాడకూడదు, వాడితే తొలగించే అధికారం మునిసిపాలిటీకి ఉందని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లోనే, అంటే జీవో 168లోనే ఉంది. ఇది బెదిరింపుగా అనకండి. కానీ అసలు రోగం అక్కడుంది, ఇంటి కింద కార్లకి వదిలిన చోటు అద్దెకి పోయింది, కార్లు అందరి దారి మీదికొచ్చాయి. మా సర్వీసులో ఇలాంటివి ఎన్నో చూస్తూ ఊరుకున్నాం, అది మా తప్పే.


నాగోయా తెలుగు:

జపాన్‌లో ఉంటాను. ఇక్కడ కారు కొనాలంటే ముందు దాన్ని ఎక్కడ పెడతావో చూపించాలి. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు చోటు ఉండాలి, అద్దెదైనా పర్లేదు, కొలతలతో బొమ్మ గీసి పోలీస్ స్టేషన్‌లో ఇస్తే వాళ్లు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, అది లేకుండా రిజిస్ట్రేషన్ కాదు. నేను కొన్నప్పుడు కారు కంటే ముందు పార్కింగ్ చోటే వెతికాను. ఈ చట్టం ఇక్కడ 1962 నుంచి ఉంది. మన దగ్గర షోరూమ్‌లో లోన్ ఎంత అని అడుగుతారు గానీ ఇంటి దగ్గర చోటుందా అని ఎవరూ అడగరు.


మూడో వీధి:

అందరికీ చాలా చాలా థాంక్స్. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

ఏఈ గారు చెప్పినట్టే వంగి చూశాను, వెనక కారు టైరు కింద నాలుగు టైల్స్ కుంగాయి, ఒకచోట స్లాబు అంచు పగిలి వేలు దూరేంత సందు ఉంది. ఫొటోలు తీసుకుని ఆదివారం టిఫిన్ అయ్యాక వెళ్దాం అనుకున్నా. అమ్మ నేనూ వస్తానంది. నేను లోపల మాటలు పేర్చుకుంటుంటే ఆవిడే "అన్నయ్య గారూ, గుడి దాకా వెళ్లొస్తాను, ఒక్కసారి నాతో నడుస్తారా?" అని అడిగేసింది. ఆయన చెప్పులు వేసుకుని వచ్చారు. మొదటి కారు దగ్గర అమ్మ వాకర్ దించి, కాలు దించబోతుంటే వెనక నుంచి ఒక ఆటో వచ్చింది. అంకుల్ గబుక్కున రోడ్డు మీదికి వెళ్లి చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. మూడు కార్లు దాటేసరికి ఏడు నిమిషాలు పట్టింది. ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. తిరిగొచ్చాక "నాకు చెప్పొచ్చు కదమ్మా" అన్నారు, అంతే.

ఆ సాయంత్రమే గేటు లోపల పాత కూలర్, పూల కుండీలు, నడవని స్కూటర్ తీయించి ఒక కారు లోపల పెట్టారు. రెండోది వీధి మలుపులో ఖాళీ ప్లాటు వాళ్లతో మాట్లాడి అక్కడ పెడుతున్నారు, నెలకి కొంత ఇస్తానన్నారట. అద్దెకుండే అబ్బాయి మాత్రం డ్యూటీ నుంచి రాత్రి లేటుగా వచ్చి ఇంకా అక్కడే పెట్టేస్తున్నాడు, పొద్దున ఆరుకి అంకులే వెళ్లి తలుపు కొడుతున్నారు. టైలర్ షాపు సంగతి నేను ఎత్తలేదు, ఎత్తాలో లేదో ఇంకా తేల్చుకోలేదు.

తెల్లకర్ర గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. గుడి పక్కన ఇంకో ఇంటివాళ్ల కారు కూడా పూర్తిగా ఫుట్‌పాత్ మీదే ఉంటుంది, ఈ ఆదివారం అక్కడికి వెళ్దాం అంటోంది, అంకుల్ కూడా వస్తానన్నారు. పగిలిన స్లాబు ఫొటోలతో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, నంబర్ వచ్చింది, మనుషులు ఇంకా రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను.