సగంలో ఆపేసిన అనిమేకి స్కోరు ఇవ్వొచ్చా?

పాతడిస్కు:
‘మడోకా మ్యాజికా’, ‘హరుహి సుజుమియా’ అనే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు (అనిమేలు) చూడనివాళ్లు జాగ్రత్త, స్పాయిలర్లు వస్తాయి. నిన్న మన ఉమ్మడి లిస్టులో ఒకతను మడోకాకి పదికి మూడు వేశాడు. చూసింది రెండే ఎపిసోడ్లు. చిన్నపిల్లల మాయమంత్రాల కథ, తనకి పడలేదు అని రాశాడు. పడకపోవడం అతని ఇష్టం, దానికి నేనేమీ అనను. ఆ మూడు మాత్రం దేనికి వేసినట్టు? షాఫ్ట్ స్టూడియో 2011లో తీసిన ఆ సిరీస్ మొత్తం 12 ఎపిసోడ్లు. మూడో ఎపిసోడ్‌లో మామి అనే అమ్మాయి చనిపోయేదాకా అది అసలు రంగు చూపించదు. పదో ఎపిసోడ్‌లో ఓపెనింగ్ పాట మొదట్లో రాదు, చివర్లో వస్తుంది. అన్ని వారాలూ హీరోయిన్ మడోకా పాటే అనుకుంటూ విన్నది ఆమె స్నేహితురాలు హోమురా మాట అని అప్పుడు అర్థమవుతుంది. ఆ పాట అక్కడ మొదలైనప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. రెండో ఎపిసోడ్‌లో ఆపేసినవాళ్లకి అదే పాట ఇప్పటికీ ఒక హుషారు పాట. పూర్తిగా చూడనివాళ్లు స్కోరు వేయకూడదనే నా వాదన.

తొందరబాబు:
అన్నా, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. మడోకా విషయంలో ఆ మాట చెల్లదు, ఒప్పుకుంటా. కానీ అన్నీ మడోకాలు కావు కదా. ఒక కోర్ (పన్నెండు పదమూడు ఎపిసోడ్ల విడత) పూర్తి చేయాలంటేనే దాదాపు ఐదు గంటలు. ‘లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్’ పాత ఓవీఏ (టీవీకి కాకుండా నేరుగా వీడియోగా వచ్చిన సిరీస్) 110 ఎపిసోడ్లు. ‘వన్ పీస్’ 1999లో మొదలై వెయ్యి ఎపిసోడ్లు దాటేసింది, ఇంకా నడుస్తూనే ఉంది. నీ లెక్కన దానికి ఎవరూ స్కోరు వేయకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. పూర్తి చేసినవాళ్ల మాటే చెల్లుతుందంటే, నచ్చక మానేసినవాళ్లు లెక్కలోంచే పోతారు. అనిమేలకి జనం స్కోర్లు వేసే సైటు మైఅనిమేలిస్ట్‌లో పైవరుసలు చూడు. ‘గింటామా’ తర్వాతి సీజన్లు, ‘అటాక్ ఆన్ టైటాన్’ మూడో సీజన్ రెండో భాగం... తమ మొదటి సీజన్ల కన్నా పైనున్నాయి. అవి నిజంగానే బాగుండొచ్చు, నాకూ ఇష్టమే. కానీ మూడో సీజన్‌దాకా వచ్చేదెవరు? ముందు రెండూ నచ్చినవాళ్లే. పడనివాళ్లు ఎప్పుడో దిగిపోయారు. ఆ స్కోరు చూసి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి, దారిలో ఎంతమంది దిగిపోయారో ఎవరు చెప్తారు?

నాగాతోపక్షం:
మీ ఇద్దరి మాటా ‘ఎండ్‌లెస్ ఎయిట్’ మీద పెట్టి చూడండి. 2009 వేసవిలో క్యోటో యానిమేషన్ వాళ్లు హరుహిలో ఒకే కథని వరసగా ఎనిమిది వారాలు వేశారు. అవే ఆగస్టు సెలవులు, అదే ఈతకొలను, అదే సికాడా పురుగులు పట్టే పోటీ, ఆఖర్న హీరోయిన్ హరుహి లేచి వెళ్లిపోతుంటే ఆపలేని ఆమె స్నేహితుడు క్యోన్. పాత రీలే మళ్లీ తిప్పారనుకుంటారు చాలామంది. కాదు. ప్రతివారం బొమ్మలు కొత్తగా గీశారు, గొంతులు కొత్తగా రికార్డు చేశారు, బట్టలు మార్చారు, కెమెరా కోణాలు మార్చారు. కథలో ఆ రెండు వారాలు 15,532 సార్లు తిరుగుతాయి. అన్నీ గుర్తున్నది వాళ్ల జట్టులోని నాగాతో అనే అమ్మాయి ఒక్కదానికే.

మూడో వారం విసుగొచ్చి ఆపేసినవాళ్ల విసుగు నిజమైనదే. ఇంకా చెప్పాలంటే అది నాగాతో విసుగే. కాకపోతే 2010లో వచ్చిన హరుహి సినిమా ‘డిసపియరెన్స్’లో ఆ అమ్మాయి లోకాన్నే ఎందుకు మార్చేసిందో, ఎనిమిదీ ఓర్చుకున్నవాళ్లకి గుండెలోకి దిగుతుంది. అలాగని నేను ఆ సీజన్‌కి పది వేయలేదు, నాలుగే వేశాను. అదే కథకి ఎనిమిది ఎపిసోడ్లు మరీ ఎక్కువ, మూడు చాలు. చివరిదాకా చూసినవాళ్లందరూ మెచ్చుకుంటారని తొందరబాబు గారు అనుకోనక్కర్లేదు.

అల్మరానిండా:
కొనేవాడిగా నా మాట. జపాన్‌లో చాలాకాలం బ్లూరేలు ఎలా అమ్మారో తెలుసుగా, డిస్కుకి రెండేసి ఎపిసోడ్లు, ధర ఆరేడు వేల యెన్‌లు. సిరీస్ టీవీలో నడుస్తుండగానే మొదటి వాల్యూమ్‌కి ఆర్డర్లు పెట్టించేవాళ్లు. అంటే సగం కూడా చూడకుండానే అంత డబ్బు పెట్టాలా వద్దా అని తేల్చుకోవాలి. మూడో ఎపిసోడ్ దగ్గర ఉంచాలో వదిలేయాలో తేల్చేసే అలవాటు అక్కడి ఫ్యాన్స్‌కీ ఉంది. నాకు ఇన్నేళ్లూ బాగా పనికొచ్చినవి సగంలో ఆపినవాళ్ల రివ్యూలే. ‘ఐదో ఎపిసోడ్‌లో ఆపాను, ఫైట్ మధ్యలో బొమ్మ కదలడం మానేసి డైలాగులు మాత్రం నడుస్తున్నాయి’ అని ఎవరైనా రాస్తే అది నాకు బంగారం. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో రాయకుండా ‘చెత్త’ అని ఒక్క ముక్క రాసి మూడు వేస్తేనే చిరాకు.

పాతడిస్కు:
దిగిపోయినవాళ్ల లెక్క గురించి తొందరబాబు అన్నది నాకు బాగా తగిలింది. వాళ్ల గొంతు వినపడకూడదని నేననను. రివ్యూ రాయండి, ఎంత పెద్దదైనా రాయండి. మైఅనిమేలిస్ట్ కూడా పూర్తి చేయకుండా రాసినవాటి మీద ప్రిలిమినరీ అని గుర్తు వేస్తుంది, ఆ పద్ధతి నాకిష్టం. అంకె మాత్రం వద్దు. మన ఉమ్మడి లిస్టులో సగటు స్కోరు పక్కనే ఇంకో గడి పెడదాం: ఎంతమంది ఆపేశారు, ఎక్కువమంది ఏ ఎపిసోడ్ దగ్గర ఆపేశారు.

తొందరబాబు:
గడి పెట్టు, నేనే నింపుతా. అంకె విషయంలో మాత్రం ఒప్పుకోను. యాభై ఎపిసోడ్లు చూసి మానేసినవాళ్లకి మార్కు వేసే హక్కు లేదా? పన్నెండు చూసినవాళ్లకి ఉంటే వాళ్లకీ ఉండాలి. ఇంకోటి, ‘ఇవాంజెలియన్’ టీవీ 26 ఎపిసోడ్లూ చూసి, ముగింపుని మళ్లీ చెప్పిన 1997 సినిమా చూడనివాళ్లు నీ గడిలో ఎటు? పూర్తి చేసినట్టా, ఆపేసినట్టా?

పాతడిస్కు:
టీవీ సిరీస్‌కి స్కోరు వేయొచ్చు, సినిమాకి వేయకూడదు. రెండూ వేర్వేరు వరుసలు. యాభై ఎపిసోడ్ల సంగతి మిగతావాళ్లు కూడా చెప్పాక తేలుద్దాం.