వైన్ లేకుండా చీజ్ ఫాండ్యూ: విరగకుండా రావాలంటే?

ప్రశ్న:
నలుగురికి సరిపడా చీజ్ ఫాండ్యూ (బ్రెడ్ ముక్కలు ముంచుకుని తినే కరిగించిన వేడి చీజ్) చేయాలి. వైన్, కిర్ష్ (చెర్రీ పండ్లతో చేసే మద్యం) రెండూ వద్దు. వైన్ బదులు అంతే కొలతలో నీళ్లో పాలో పోస్తే చాలా? చీజ్ అడుగున ముద్దకట్టి, నూనె పైకి తేలకుండా ఏం చూసుకోవాలి?

జవాబు 1:
ఉత్త నీళ్లు పోస్తే కుదరదండీ. ఇక్కడ వైన్‌తో అసలు అవసరం దాని పులుపే. అందులోని టార్టారిక్ ఆమ్లం చీజ్‌లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు ప్రోటీన్లు ఒకదానికొకటి అతుక్కోకుండా విడివడి ద్రవంలో కలుస్తాయి. నిమ్మరసంతో ఆ పని బాగానే జరుగుతుంది.

గ్రూయేర్ 400 గ్రాములు, ఎమెంటాల్ 200 గ్రాములు (రెండూ స్విస్ చీజ్ రకాలే). ఉప్పు లేని కూరగాయల స్టాక్ (కూరగాయలు ఉడికించి వడకట్టిన నీళ్లు) 200 మి.లీ., చక్కెర కలపని ఆపిల్ రసం 100 మి.లీ., నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, కార్న్‌ఫ్లోర్ 2 టేబుల్ స్పూన్లు, ఒక వెల్లుల్లి రెబ్బ. స్టాక్ లేకుండా మొత్తం ఆపిల్ రసమే పోస్తే తీపి ఎక్కువై చీజ్ రుచి చచ్చిపోతుంది. స్టాక్‌లో ఉప్పుంటే చీజ్ ఉప్పుకి అది తోడై నోట్లో పెట్టుకోలేరు.

చీజ్‌ని అప్పటికప్పుడు తురిమి, తురుముకంతా కార్న్‌ఫ్లోర్ పట్టించండి. మందపాటి గిన్నె లోపల వెల్లుల్లి రుద్ది, ద్రవాలన్నీ పోసి, ఆవిరి వచ్చి అంచుల్లో చిన్న బుడగలు లేచేదాకా వేడి చేయండి. సెగ బాగా తగ్గించి, గుప్పెడు తురుము వేసి, అది పూర్తిగా కరిగాకే ఇంకో గుప్పెడు. గుండ్రంగా తిప్పితే చీజ్ మధ్యలో ఉండకడుతుంది. ఎనిమిది అంకె వేసినట్టు కలపండి. అంతా కరిగాక ఒకటి రెండు నిమిషాలు సన్నగా బుడగలు రానివ్వాలి, లేకపోతే పిండి ఉడకదు, చిక్కదనం రాదు. తెర్లనివ్వొద్దు. గరిటె ఎత్తితే తెగకుండా పట్టీలా జారి, పడ్డచోట గీత క్షణంపాటు నిలిస్తే సరైన పాకం. చివర్లో జాజికాయ, మిరియాల పొడి.

జవాబు 2:
పాల సంగతి: పాలు, నిమ్మరసం కలిపి వేడి చేస్తే విరిగిపోతాయి. పాలే కావాలంటే నిమ్మరసం మానేసి, 600 గ్రాముల చీజ్‌కి 12 నుంచి 15 గ్రాముల సోడియం సిట్రేట్ (చీజ్ విరగకుండా కరిగేలా చేసే ఒక లవణం) ముందే పాలలో కరిగించండి. అప్పుడు కార్న్‌ఫ్లోర్ కూడా అక్కర్లేదు. ఫాండ్యూ చల్లారుతున్నా నున్నగానే ఉంటుంది.

మొజరెల్లా మాత్రం వద్దు, రబ్బరులా సాగుతుంది. ప్యాకెట్‌లో తురిమి అమ్మే చీజ్‌కి అంటుకోకుండా పొడి చల్లి ఉంటుంది, దానితో చేస్తే గరగరలాడుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇంత చేసినా విరిగితే పారేయాల్సిందేనా? ఆల్కహాల్ తీసేసిన వైన్ వాడొచ్చా?

జవాబు 3:
పారేయకండి. నూనె తేలిందంటే సెగ ఎక్కువైంది, లేదా పులుపు, పిండి చాలలేదు. గిన్నె దించి, ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్‌ని 2 టీస్పూన్ల నిమ్మరసంలో కలిపి పోసి, సన్నని సెగ మీద విస్క్‌తో గట్టిగా గిలక్కొట్టండి. చాలాసార్లు మళ్లీ కలిసిపోతుంది. మరీ చిక్కబడితే వేడి స్టాక్ చెంచా చెంచాగా పోయాలి. చల్లటిది పోస్తే మళ్లీ ముద్దకడుతుంది.

ఆ వైన్ బాగా పనికొస్తుంది, పులుపు అందులోనే ఉంటుంది కాబట్టి నిమ్మరసం సగానికి తగ్గించండి. కాకపోతే అలాంటి సీసాల్లో కొన్నిటిలో 0.5 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. బొత్తిగా వద్దనుకుంటే లేబుల్‌పై 0.0 ఉన్నదే తీసుకోండి.

ముంచుకోవడానికి నిన్నటి బ్రెడ్డే మేలు. ప్రతి ముక్కకీ కాస్త పైపెచ్చు ఉండేలా కోయండి, ఫోర్క్ ఆ పెచ్చులోంచి దిగితే ముక్క గిన్నెలో జారిపోదు.