అప్‌డేట్: ఆ వ్యాన్ వీడియో పోలీసులకు పంపాను

ఇంగ్లండ్‌లో సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తుంటే ఒక వ్యాన్ మోచేతికి తగిలేంత దగ్గరగా దూసుకుపోయిందనీ, హెల్మెట్ కెమెరా వీడియో పోలీసులకు పంపితే ఉపయోగం ఉంటుందా అనీ ఇంతకుముందు అడిగాను కదా. పంపాను.

అంతా ఆన్‌లైన్ ఫారమే. అయితే కత్తిరించిన క్లిప్ పనికిరాదు, ఘటనకు ముందూ వెనకా కూడా కాస్త ఫుటేజీ ఉండాలి. అందులో నేను తెలుగులో తిట్టిన తిట్లూ ఉన్నాయి. ఏం చేస్తాం, అలాగే పంపేశాను. అవసరమైతే కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తారా అన్న ప్రశ్న దగ్గర మాత్రం టెన్షన్ పడి, చివరికి అవుననే టిక్ పెట్టాను.

అసలు విషయం గడువు. డ్రైవర్‌ను అక్కడికక్కడే ఆపి హెచ్చరించకపోతే, మామూలుగా 14 రోజుల్లోపు వాహన యజమానికి, కేసు పెట్టొచ్చని చెప్పే పోలీసు నోటీసు అందాలి. కాబట్టి వీకెండ్‌లో చూద్దాంలే అనుకోవద్దు. బండి ఎవరు నడిపారో యజమాని 28 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే అదే వేరే కేసు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు పడతాయి.

నాకొచ్చింది మాత్రం రెండు లైన్ల మెయిల్: చర్య తీసుకున్నాం, వివరాలు చెప్పలేం. హెచ్చరిక లేఖతో వదిలేశారా, జాగ్రత్తగా నడపడం నేర్పే క్లాసుకు పంపారా, 100 పౌండ్ల ఫైనూ 3 పాయింట్లూ వేశారా? ఒళ్లు మండింది. ఫారం నింపినవాడికి ఆమాత్రం చెప్పొచ్చుగా!

ఇంకోటి. హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం గంటకు 30 మైళ్ల వేగం వరకు సైకిల్‌కు కనీసం 1.5 మీటర్లు వదలాలి. వర్షంలో నంబర్ ప్లేటు మసకగా పడుతుంది, కనిపించగానే గట్టిగా పైకి చదివేయండి, ఆడియోలో ఉంటుంది.