వరి ఆకులు మాడిపోతున్నాయి, ఇటుక బట్టీ పొగ వల్లేనా?

నమస్కారమండీ. మాది కోనసీమ, రావులపాలెం దగ్గర. చేను పక్కనే ఇటుక బట్టీ. ఈ దాళ్వా (రబీ పంట)లో బట్టీ వైపున్న నాలుగు మళ్లలో వరి ఆకుల కొనలు మాడి, ఆ మాడు అంచుల వెంబడి కిందికి దిగుతోంది. ఆకు తుడిస్తే వేలికి నల్లటి మసి. గట్టు మీద మామిడి పిందెలూ మొన దగ్గర నల్లబడ్డాయి. అవతలి మళ్లు పచ్చగానే ఉన్నాయి. పొటాష్ వేశాను, గుణం కనపడలేదు.

కార్బన్ డయాక్సైడ్ మొక్కకి తిండేగా అంటాడు మా బావ. నిజమే, గాలిలో అది 1958లో 315 పీపీఎం (పది లక్షల పాళ్లలో 315 పాళ్లు), ఇప్పుడు 420 దాటింది, వరికి కొంత కలిసొస్తుంది కూడా. కానీ బట్టీ పొగలో సల్ఫర్ డయాక్సైడ్, ఫ్లోరైడ్ కూడా ఉంటాయి కదా? ఇది పొగ దెబ్బో, బాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులో ఎలా తేల్చుకోవాలి? ఆకులు ఎక్కడ పరీక్ష చేయిస్తారు? చేను పొట్ట మీదుంది (కంకి ఇంకా బయటికి రాలేదు), చాలా టెన్షన్‌గా ఉందండీ. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.