జనరల్ పాసయ్యాను, యూఎల్‌ఎస్‌లో ఇంకా టెక్నీషియన్ అనే ఉంది: సీఎస్‌సీఈతో ఏమేం చేయొచ్చు?

ప్లేనో_టెక్

అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను, ప్రస్తుతం హామ్ రేడియోలో టెక్నీషియన్ లైసెన్సు (మొదటి మెట్టు; ఆపైన జనరల్, ఎక్స్‌ట్రా). మొన్న శనివారం ఎలిమెంట్ 3, అంటే జనరల్ రాత పరీక్ష, పాసయ్యాను. ముగ్గురు వీఈలు (స్వచ్ఛంద పరీక్షకులు) సంతకాలు పెట్టి సీఎస్‌సీఈ (పాసైనట్టు ధ్రువపత్రం) ఇచ్చారు. లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ ఆన్‌లైన్ రికార్డు యూఎల్‌ఎస్‌లో చూస్తే మాత్రం క్లాసు మారలేదు. ఈలోగా 20 మీటర్ల బ్యాండులో ఎస్‌ఎస్‌బీ (వాయిస్) మాట్లాడొచ్చా? కాల్‌సైన్ తర్వాత ఏజీ (జనరల్ పాసై ఇంకా రికార్డుకెక్కనివాళ్లు చెప్పే గుర్తు) ఎప్పుడు చేర్చాలి, ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ మోడ్)లో ఎలా?

ఇంకొకటి. వచ్చే వారం ఆన్‌లైన్‌లో ఎక్స్‌ట్రా రాద్దామనుకుంటున్నాను. ఆ టీమ్ వేరే వీఈసీ (వీఈలను సమన్వయం చేసే సంస్థ) కిందిది. ఈ కాగితం వాళ్లు ఒప్పుకుంటారా?

చివరిది మా బాబాయి గురించి. 90ల్లో ఇక్కడ ఎం.ఎస్. చేసేటప్పుడు ఆయనకు జనరల్ ఉండేది. హైదరాబాద్ వెళ్లిపోయాక రెన్యూ చేయలేదు. అక్కడ ఇండియా లైసెన్సు తీసుకున్నారు. ఇప్పుడు మళ్లీ ఇక్కడికొచ్చారు. అన్నీ మొదటినుంచి రాయాలా?

స్లాంట్‌బార్

ఆ ఒక్క కాగితం రెండు వేర్వేరు పనులు చేస్తుంది. వాటిని కలిపేసుకోకండి.

మొదటిది పరీక్ష క్రెడిట్. అది వీఈలకు చూపించడానికి. ఎఫ్‌సీసీ హామ్ నిబంధనలైన పార్ట్ 97లో 97.505 ప్రకారం, గత 365 రోజుల్లో పాసైన ఎలిమెంట్‌కు సీఎస్‌సీఈ చూపిస్తే వీఈలు క్రెడిట్ ఇచ్చి తీరాలి. ఏ వీఈసీ జారీ చేసిందన్నది లెక్కలోకి రాదు.

రెండోది గాల్లోకి వెళ్లే అధికారం. అది 97.9(బి). దీనికి మూడూ ఉండాలి: చేతిలో ఇప్పటికే ఒక లైసెన్సు, పై క్లాసు కోసం వీఈలకు ఇచ్చిన ఫారం 605 (దరఖాస్తు), 365 రోజుల లోపు సీఎస్‌సీఈ. మీకు మూడూ ఉన్నాయి, కాబట్టి పరీక్ష హాలు దాటిన క్షణం నుంచే జనరల్ బ్యాండ్లు మీవి. అసలు లైసెన్సే లేనివాళ్లకు ఇది వర్తించదు. మొదటిసారి టెక్నీషియన్ పాసైనవాళ్లు యూఎల్‌ఎస్‌లో కాల్‌సైన్ కనిపించేదాకా పీటీటీ (మాట్లాడే బటన్) ముట్టుకోకూడదు.

ఈ అధికారం అప్లికేషన్ ఏదో ఒకటి తేలేవరకు, లేదా 365 రోజులు, ఏది ముందైతే అది. తేలడం అంటే గ్రాంట్ కావడం ఒక్కటే కాదు. పేరు తేడా వచ్చో మరో కారణంతోనో అప్లికేషన్ డిస్‌మిస్ అయితే ఏజీ అధికారం ఆ రోజుతోనే పోతుంది. పరీక్ష క్రెడిట్ మాత్రం 365 రోజులూ నిలుస్తుంది. అలాంటప్పుడు మళ్లీ పరీక్ష రాయక్కర్లేదు, అదే సీఎస్‌సీఈతో ఇంకో 605 వేయడమే.

కాగితం మీద ఒకటి సరిచూడండి. పాసైన ఎలిమెంట్ల భాగం వేరు, కొత్త క్లాసు గుర్తుపెట్టే భాగం వేరు. రెండోదానిలో జనరల్ అని ఉండాలి. అక్కడ ఏ క్లాసూ రాలేదని గుర్తు పెట్టి ఉంటే అది క్రెడిట్ మాత్రమే, దానితో ట్రాన్స్‌మిట్ చేయకూడదు.

హెచ్‌ఎఫ్‌_కొత్త

ఏజీ అన్నిచోట్లా చెప్పేస్తే సరి. 2 మీటర్ల రిపీటర్‌లో కూడా. గొడవే ఉండదు కదా.

గ్రిడ్_ఈఎం12

తప్పేమీ కాదు గానీ అవసరం లేదు. 97.119(ఎఫ్) ఏజీ అడిగేది కొత్త అధికారం వాడుతున్నప్పుడే. 146 మెగాహెర్ట్జ్ రిపీటర్‌లో టెక్నీషియన్‌కు ముందే అనుమతి ఉంది, అక్కడ ఏజీ చెబితే వినేవాడికి అయోమయం తప్ప ప్రయోజనం లేదు. టెక్నీషియన్ నుంచి జనరల్‌కైతే ఏజీ, ఎక్స్‌ట్రాకైతే ఏఈ. మాటల్లో "స్లాంట్ ఏజీ", "స్ట్రోక్ ఏజీ" ఏదైనా సరే. పది నిమిషాలకోసారి, సంభాషణ ముగిసేటప్పుడు కాల్‌సైన్ చెప్పిన ప్రతిసారీ అది వెనకే రావాలి.

ఎక్కువమంది తడబడేది 10 మీటర్లలో. 28.300 నుంచి 28.500 దాకా ఎస్‌ఎస్‌బీ టెక్నీషియన్‌కు ఉన్నదే, 200 వాట్ల పీఈపీ (గరిష్ఠ పవర్) వరకు. అందులో ఏజీ వద్దు. అదే చోట యాంప్లిఫయర్ వేసి 200 వాట్లు దాటారంటే జనరల్ అధికారం వాడుతున్నట్టే, ఏజీ కావాలి. 28.500 పైన 5 వాట్లతో మాట్లాడినా కావాలి.

20 మీటర్లలో జనరల్ ఫోన్ 14.225 నుంచి 14.350. డయల్ చూపించేది క్యారియర్ స్థానం, మీ సిగ్నల్ యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్)లో దానికి దాదాపు 3 కిలోహెర్ట్జ్ పైదాకా పరుచుకుంటుంది. కాబట్టి పై అంచున 14.347 దాటకండి. 40 మీటర్లలో ఎల్‌ఎస్‌బీ (లోయర్ సైడ్‌బ్యాండ్), సిగ్నల్ డయల్‌కు కిందికి పోతుంది. జనరల్ ఫోన్ 7.175 నుంచి మొదలవుతుంది గనుక డయల్ 7.178 కంటే దిగొద్దు. డయల్ మీద 7.175 కనిపిస్తోందని అక్కడే పిలిస్తే సిగ్నల్ మొత్తం ఎక్స్‌ట్రా, అడ్వాన్స్‌డ్ భాగంలో పడుతుంది.

ఎఫ్‌టీ8 సంగతి కొంచెం చిరాకు. స్లాంట్ ఏజీ తగిలిస్తే కాల్‌సైన్ ఆ 77 బిట్ల మెసేజ్‌లో మామూలు కాల్‌గా ఇమడదు. 11 అక్షరాల లోపు ఉంటే పూర్తిగా పంపడానికి వేరే రకం మెసేజ్ ఉంది, కానీ అందులో గ్రిడ్ (మీరున్న చోటి కోడ్) గానీ రిపోర్ట్ (సిగ్నల్ బలం) గానీ పట్టదు. రిపోర్ట్ ఉన్న మెసేజ్‌లో మీ కాల్ హ్యాష్‌గా (కుదించిన కోడ్‌గా) వెళ్తుంది. అవతలివాడు మీ పూర్తి కాల్ ముందే డీకోడ్ చేసి ఉండకపోతే అతనికి కనిపించేది బ్రాకెట్లో చుక్కలే. సగం క్యూఎస్‌ఓలు (సంభాషణలు) అక్కడే ఆగిపోతాయి. పైగా లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ (కాంటాక్టులు నిర్ధారించే ఆన్‌లైన్ లాగ్)లో రెండువైపులా కాల్ అచ్చంగా ఒకేలా ఉంటేనే మ్యాచ్ అవుతుంది. ఒకరు ఏజీతో, ఒకరు ఏజీ లేకుండా లాగ్ చేస్తే కన్‌ఫర్మేషన్ రాదు. నా మాట వింటే ఈ కొద్ది రోజులూ 14.074 వదిలేసి 28.074లో ఆడుకోండి. అది టెక్నీషియన్‌కు ఉన్నదే, ఏజీ గోల లేదు. 20 మీటర్లలో ఫోన్ మాట్లాడండి, నోటితో చెప్పడం తేలిక.

స్లాంట్‌బార్

ఎక్స్‌ట్రా పరీక్ష గురించి. ఎలిమెంట్ 4లో 50 ప్రశ్నలకు 37 రావాలి. ఆ టీమ్ యూఎల్‌ఎస్ చూస్తే మీరు టెక్నీషియన్ అనే కనిపిస్తారు, అంటే ఎలిమెంట్ 2 క్రెడిట్ ఒక్కటే. సీఎస్‌సీఈ రెండు వైపులా స్కాన్ చేసి పరీక్షకు ముందే మెయిల్ చేయండి, వాళ్లు అందిందని చెప్పేదాకా ఆగండి. నేరుగా వెళ్లే సెషన్ అయితే అసలు చూపించి జిరాక్స్ ఇవ్వండి, అసలు మీ దగ్గరే ఉండాలి. అది చూపించకుండా 4 పాసైతే క్రెడిట్ చేతికొస్తుంది గానీ క్లాసు మారదు. మళ్లీ ఇంకో సెషన్‌కు రెండు సీఎస్‌సీఈలూ పట్టుకెళ్లి 605 వేయాలి, అడిగితే ఫీజు మళ్లీ కట్టాలి.

వాళ్లు కొత్త సీఎస్‌సీఈలో ఎక్స్‌ట్రా అని ఇస్తే, జనరల్ ఇంకా రాకపోయినా ఇక ఏఈయే.

ఎఫ్‌సీసీకి అప్‌గ్రేడ్ ఫీజు లేదు. 35 డాలర్ల ఫీజు కొత్త లైసెన్సు, రెన్యువల్, వానిటీ (కోరుకున్న) కాల్‌సైన్లకే. 605లో కాల్‌సైన్ మార్పు గడి పొరపాటున టిక్ చేస్తే ఉన్న కాల్ పోయి వరసలో తర్వాతిది వస్తుంది. అది చూసి సంతకం పెట్టండి.

పాత_కాల్‌బుక్

మీ బాబాయిగారి విషయం. ఇండియా లైసెన్సుకు ఇక్కడ పరీక్ష క్రెడిట్ లేదు, 97.505లో ఉన్నవి ఎఫ్‌సీసీ లైసెన్సులూ సీఎస్‌సీఈలే. కానీ గడువు తీరిన జనరల్‌కు 2014 నుంచి ఎలిమెంట్ 3 క్రెడిట్ ఇస్తున్నారు. రెండేళ్ల గ్రేస్ ఎప్పుడో దాటిపోయింది కాబట్టి ఎలిమెంట్ 2 మాత్రం రాయాలి: 35 ప్రశ్నలు, 26 రావాలి. పాసైతే నేరుగా జనరల్. మామూలు టెక్నీషియన్ గడువు తీరితే మాత్రం ఏ క్రెడిట్ రాదు. 1987 మార్చి 21కి ముందు ఇచ్చిన టెక్నీషియన్ ఒక్కటి మినహాయింపు, దానికి ఎలిమెంట్ 3 ఇస్తారు. అప్పట్లో ఆ రెండు క్లాసుల రాత పరీక్ష ఒకటే.

రుజువు ఆయనే తేవాలి. పాత లైసెన్సు కాగితం దొరికితే సమస్యే లేదు. లేకపోతే ఆ కాలపు కాల్‌బుక్ (హామ్‌ల డైరెక్టరీ)లో ఆయన పేరు, క్లాసు ఉన్న పేజీ. ఏ రుజువు చాలుతుందో ఆ టీమ్ వీఈసీని ముందే అడగండి, సెషన్ రోజు వాదించి లాభం లేదు. అప్పటి పేరుకూ ఇప్పటి ఐడీకీ తేడా ఉంటే దానికీ కాగితం కావాలి.

ఒక చిక్కు గమనించండి. ఆయన సీఎస్‌సీఈలో జనరల్ అని ఉంటుంది, అయినా దాని ఆధారంగా ట్రాన్స్‌మిట్ చేయకూడదు. చేతిలో బతికున్న ఎఫ్‌సీసీ లైసెన్సు లేదు కాబట్టి 97.9(బి) రాదు. కొత్త లైసెన్సు గనుక 35 డాలర్లు కట్టాలి, మెయిల్ వచ్చాక 10 రోజుల్లో.

ప్లేనో_టెక్

చాలా థాంక్సండీ. ఇంకో అనుమానం. వీసాలో నాకు మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని ఉంటుంది. కోర్స్ (ఎఫ్‌సీసీ రిజిస్ట్రేషన్ సైట్)లో రెండు ఎఫ్‌ఆర్‌ఎన్‌లు (రిజిస్ట్రేషన్ నంబర్లు) ఉన్నాయి, ఒకటి ఇంటిపేరు ముందు, ఒకటి వెనక. 605లో ఏది రాశానో గుర్తులేదు.

స్లాంట్‌బార్

అప్‌గ్రేడ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇలాగే, మనవాళ్ల పేర్లతో మరీను. యూఎల్‌ఎస్ లైసెన్స్ సెర్చ్‌లో మీ కాల్‌సైన్ తెరవండి. లైసెన్సు ఏ ఎఫ్‌ఆర్‌ఎన్ కింద, ఏ పేరు వరసలో ఉందో అక్కడే ఉంటుంది. 605లో అవే ఉండాలి. వేరేది రాశారేమోనని అనుమానంగా ఉంటే ఇవాళే టీమ్‌కు మెయిల్ పెట్టండి. సెషన్ కాగితాలు వీఈసీకి పంపడానికి వాళ్లకు 10 రోజులుంటాయి, ఇంకా పంపకపోతే అక్కడే దిద్దుతారు. వెళ్లిపోయి ఉంటే వీఈసీకి రాయండి. సెషన్ తేదీ, ఊరు, కాల్‌సైన్, సరైన ఎఫ్‌ఆర్‌ఎన్ ఇస్తే చాలు. అప్లికేషన్ సెర్చ్‌లో రెండు ఎఫ్‌ఆర్‌ఎన్‌లతోనూ వెతికి, స్టేటస్ డిస్‌మిస్డ్ అని కనిపిస్తే తిరిగి వేసేదాకా ఏజీ వాడకండి. ఎక్స్‌ట్రా టీమ్‌కు కూడా అదే ఎఫ్‌ఆర్‌ఎన్ ఇవ్వండి.