‘ఎన్నిక రద్దు’, ‘ఎన్నిక చెల్లదు’: రెండూ ఒకటేనా?

తిరుపతి నుంచి ఒక సభ్యుని ప్రశ్న:
హైకోర్టు తీర్పుతో ఒక శాసనసభ్యుని పదవి పోయినప్పుడు ఒక పత్రిక ‘ఎన్నిక రద్దు’ అనీ, మరొకటి ‘ఎన్నిక చెల్లదు’ అనీ శీర్షిక పెడతాయి. ఈ రెంటికీ భేదం ఉందా? పెద్దలు వివరించగోరుతున్నాను.

చిత్తూరు నుంచి జవాబు:
భేదం ఉందండీ, దాన్ని పాటించి తీరాలని నా అభిప్రాయం. ‘రద్దు’ ఉర్దూ మీదుగా మనకు వచ్చిన అరబ్బీ మాట. అధికారం ఉన్నవారు తాము తలపెట్టినదాన్ని తామే వెనక్కు తీసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. మన జిల్లాను ఆనుకొని ఉన్న వేలూరు లోక్‌సభ స్థానంలో 2019 ఏప్రిల్‌లో పెద్దఎత్తున నగదు పట్టుబడినప్పుడు, ఎన్నికల సంఘం సిఫారసు మీద రాష్ట్రపతి ఆ ఎన్నిక నోటిఫికేషన్‌నే ఉపసంహరించారు. అప్పటికి ఒక్క ఓటూ పడలేదు. పోలింగ్ ఆగస్టు 5న గానీ జరగలేదు. దాన్ని ‘రద్దు’ అనడమే న్యాయం.

కోర్టు చేసే పని వేరు. ఎన్నికల పిటిషన్ ద్వారా తప్ప ఎన్నికను ప్రశ్నించరాదని రాజ్యాంగంలోని 329(బి) అధికరణం చెబుతుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఆ పిటిషన్‌ను ఫలితం ప్రకటించిన 45 రోజుల లోపల హైకోర్టులో వేయాలి. నెగ్గిన అభ్యర్థికి అర్హత లేదనో, అవినీతికర చర్యకు పాల్పడ్డాడనో, ఒకరి నామినేషన్‌ను అక్రమంగా తిరస్కరించారనో 100వ సెక్షన్ కింద రుజువైతే, జరిగిపోయిన ఎన్నికకు విలువ లేదని న్యాయమూర్తి ప్రకటిస్తారు. చెల్లని నోటు, చెల్లని ఓటు అన్నప్పుడు మనం చెప్పేదీ ఇదే: వస్తువు కళ్లెదుటే ఉంది, దానికి మారకం లేదు. కుప్పం, నగరి వైపు తమిళం కూడా మాట్లాడేవారు ‘సెల్లాదు’ అన్న మాటను ఇదే అర్థంలో వినే ఉంటారు. 1967లో తాండూరు నుంచి మర్రి చెన్నారెడ్డి గారు నెగ్గిన ఎన్నిక మీద వందేమాతరం రామచంద్రరావు గారు పిటిషన్ వేయగా, అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1968లో తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

ఇంకొక మాట. పిటిషన్‌ను కొట్టివేస్తే ఎన్నిక నిలిచినట్టు. కాబట్టి ‘ఎన్నిక వివాదంలో కొట్టివేత’ వంటి శీర్షికలు పాఠకుణ్ణి తికమక పెడతాయి. దేన్ని కొట్టివేశారో చెప్పి తీరాలి.

అదే సభ్యుని మరో సందేహం:
చెల్లదంటే మొదటినుంచీ చెల్లనట్టే కదా. మరి తీర్పుకు ముందు ఆ సభ్యుడు సభలో వేసిన ఓట్ల గతి ఏమిటి? చంద్రగిరిలో 2019 మే 19న జరిగిన రీపోలింగ్‌ను ఏమనాలి?

జవాబు:
మొదటిదానికి 107వ సెక్షన్‌లోనే సమాధానం ఉంది: తీర్పు వెలువడిన క్షణం నుంచే అమలులోకి వస్తుంది, అంతకుముందు ఆ సభ్యుడు పాల్గొన్న సభా కార్యకలాపాలు దానివల్ల చెల్లకుండా పోవు. సభ చేసిన పనులకు ఈ రక్షణ లేకుంటే ఏళ్ల తరబడి సాగే ఒక్క కేసు ఎన్ని శాసనాలను సందేహంలో పడేసేదో!

చంద్రగిరిలో చెల్లనిది కొన్ని కేంద్రాల పోలింగ్ మాత్రమే. ఆ మాట అన్నది ఎన్నికల సంఘం, అదీ ఫలితం రాకముందే. కనుక ‘ఆ కేంద్రాల్లో పోలింగ్ చెల్లదు’ అనవచ్చు గానీ, ‘చంద్రగిరి ఎన్నిక చెల్లదు’ అనడం తప్పు.

ఒక ఎన్నిక ‘చెల్లుతుంది’ అని పార్లమెంటే ప్రకటించిన సందర్భమూ ఉంది. 1975 జూన్ 12న ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పిన తరువాత, కోర్టు ఏమన్నా సరే ఆ ఎన్నిక అన్నివిధాలా చెల్లుతుందంటూ 39వ సవరణ ద్వారా రాజ్యాంగంలోనే రాసుకున్నారు. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ ఖండాన్ని కొట్టివేసింది. ఆమె ఎన్నికను మాత్రం, ఈలోగా సవరించిన ఎన్నికల చట్టాన్ని అనుసరించి, తానే విచారించి సమర్థించింది. చెల్లుతుందో లేదో సాక్ష్యం చూసి తేల్చవలసింది న్యాయస్థానమే.